తహీర్ పేర్ల పుస్తకం

సూళ్లూరుపేట బజారులో తహీర్‌ను పేర్ల సాయిబు అంటారు. ఆ మాట విని, పిల్లలకు పేర్లు పెట్టే పెద్దమనిషి కాబోలనుకుని, ఒకసారి గూడూరు నుంచి ఆలుమగలు పసిబిడ్డను ఎత్తుకుని వచ్చారట. తహీర్ వాళ్ళకు టీ ఇప్పించి, తాను పేర్లు పంచేది రొయ్యల చెరువుల్లోని పంపులకూ, తొట్లకూ, గేట్లకూ మాత్రమేనని చెప్పి పంపించాడు. ఆ బిడ్డకు చివరికి ఏం పేరు పెట్టారో తెలియదు. పంపు-7 అని మాత్రం పెట్టి ఉండరు.

తహీర్ తండ్రి షావలి అదే బజారులో వాచీలు బాగుచేసేవాడు. కంటికి అద్దం తగిలించుకుని వాచీ మూత తీయగానే, అంతకుముందు ఇంకెవరి చెయ్యి పడిందో ఆయనకు తెలిసిపోయేది. తెలిసిన రోజున మధ్యాహ్నం అన్నం తినేవాడు కాదు. ఆ ఓపిక, ఆ కడుపుమంట రెండూ తహీర్‌కు వచ్చాయి.

చదువయ్యాక తహీర్ ఆరేళ్ళు రోజూ రైల్లో చెన్నై పోయి ఉద్యోగం చేసి వచ్చాడు. ఆ రైల్లోనే తన కంపైలర్ రాశాడు. తిరుగు ప్రయాణంలో గుమ్మిడిపూండి దాటితే గానీ సీటు దొరికేది కాదు. అంతవరకూ నిలబడి, లాప్‌టాప్‌ను ముందువాడి వీపు మీద పెట్టి రాసేవాడంటారు. ఆ ముందువాడు వెనక్కి తిరక్కుండానే రెండు తప్పులు దిద్దాడని కూడా అంటారు. తహీర్ ఆ సంగతి మాత్రం ఒప్పుకోడు.

కంపైలర్ అంటే మనిషి రాసిన మాటల్ని యంత్రానికి తెలిసే అంకెల్లోకి మార్చేది. చెరువు గట్టున పనిచేసే కుర్రవాళ్ళు కూడా తేలిగ్గా రాయగలగాలని తహీర్ ఒక చిన్న భాష కల్పించి, దానికి జల అని పేరు పెట్టాడు. ‘తొట్టి నిండితే పంపు ఆపు’ అన్నంత తేలికగా ఉంటుంది. సూళ్లూరుపేట రైల్వే గేటు దగ్గర రొయ్యల చెరువుల కంట్రోలు పెట్టెలు చేసే హరినాథ్ ఆ భాషను చూసి, తహీర్‌ను రైలు దించి తన దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఇది పదకొండేళ్ళ కిందటి మాట.

ఆ కంపైలర్‌కు ఒక లోపం ఉండేది. పెద్ద ప్రోగ్రాంను ఎవరి భాగం వాళ్ళు విడివిడి ఫైళ్ళుగా రాస్తారు. వాటిని మాడ్యూళ్ళంటారు. రెండు మాడ్యూళ్ళలో ఒకే పేరు వస్తే తహీర్ కంపైలర్‌కు రెండూ ఒకటే. చివర చదివినదే నిజమనుకుంటుంది, మొదటిదాన్ని మరిచిపోతుంది. దీనికి తహీర్ కనిపెట్టిన వైద్యం ఒక ఎర్ర అట్ట పుస్తకం. ఎవరికి ఏ కొత్త పేరు కావాలన్నా ముందు తహీర్‌కు ఫోను చేయాలి. ఆయన పుస్తకం తిరగేసి, ఖాళీ ఉంటే ఇస్తాడు.

‘‘అన్నా, గేటు అని పెట్టుకుంటా.’’

‘‘గేటు పోయి ఎనిమిదేండ్లయింది. గేటు-14 తీసుకో.’’

‘‘పద్నాలుగా? కొంచెం చిన్నది చూడన్నా.’’

‘‘చిన్నవి ముందొచ్చినోళ్ళకి. నువ్వు ఇప్పుడా వచ్చేది?’’

మంచి పేరు కోసం జనం సపోటాలు తెచ్చేవారు. జువ్వలదిన్నె నుంచి ఒకతను ఒట్టి ‘మోటారు’ అనే పేరు కోసం మూడు నెలలు వరసగా వంజరం చేప తెచ్చి, నాలుగో నెల పేరు దక్కించుకున్నాడు. తహీర్ భార్య సుల్తానా ఇప్పటికీ దాన్ని చేపల మోటారు అంటుంది. రోజుకు ఇరవై ఫోన్లు వచ్చేవి. వచ్చిన ప్రతిసారీ తహీర్ విసుక్కునేవాడు. ఒక పూట రాకపోతే మాత్రం ఫోను చెడిపోయిందేమోనని సుల్తానా ఫోను నుంచి తనకే చేసి చూసుకునేవాడు.

అలాంటి రోజుల్లో మాల్యాద్రి తొట్టి పొంగింది.

మాల్యాద్రి జువ్వలదిన్నె అవతల సముద్రపు ఒడ్డున ఒక రొయ్య పిల్లల హేచరీలో యంత్రాలు చూసే మనిషి. పిల్లలను పెంచే తొట్టికి ప్రోగ్రాం రాస్తూ, తహీర్‌కు ఫోను కలవక, తనంతట తానే ‘ట్యాంకు’ అని పేరు పెట్టేసుకున్నాడు. జనరేటర్ మాడ్యూల్లో డీజిల్‌కు అదే పేరు అప్పటికే ఉంది. కంపైలర్ దాన్ని చివర చదివి, డీజిల్ ట్యాంకునే నిజమనుకుంది. ‘ట్యాంకు నిండితే పంపు ఆపు’ అంటే, పంపు పోయి డీజిల్ ట్యాంకు నిండిందా అని చూడడం మొదలుపెట్టింది. సముద్రపు నీళ్ళు ఎన్ని తోడితే డీజిల్ ట్యాంకు నిండుతుంది? పంపు తోడుతూనే ఉంది. తొట్లు పొంగి, లక్ష రొయ్య పిల్లలు గేటు దాకా ఊరేగింపుగా పోయాయని మాల్యాద్రి పొద్దున చెప్పాడు. సాయంత్రానికి అవి మూడు లక్షలయ్యాయి, ముందు ఒకటి జెండా పట్టుకుని నడిచింది. హేచరీ యజమాని మాత్రం నవ్వలేదు. ఇంకొక్కసారి నీళ్ళు పొంగితే ఇంటికి పొమ్మని మాల్యాద్రితో తేల్చి చెప్పాడు.

హరినాథ్ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టాడు. ‘‘తహీర్ గారూ, పుస్తకంతో ఇంక కాదు. కంపైలర్‌లోనే సరిచెయ్యాల.’’

‘‘రెండు నెలలు పడతాది. అది మామూలు పని కాదు,’’ అన్నాడు తహీర్.

‘‘నేను ఒకసారి చూడనా సార్?’’ అని వెనక బెంచీ నుంచి ధనలక్ష్మి అడిగింది.

ధనలక్ష్మి చేరి మూడు నెలలైంది. పులికాటు సరస్సు ఒడ్డున ఒక కుప్పం, అంటే జాలరి పల్లె, వాళ్ళది. తండ్రి గంగాధరం సరస్సులో వల వేస్తాడు. ఇరవైనాలుగేళ్ళ పిల్ల, మాట తక్కువ, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిస్తే ఎండు రొయ్యల వేపుడు వాసనకు ఆఫీసంతా పని ఆపేది. చూడమన్నాడు తహీర్. చూసి ఏడుస్తుందని అనుకున్నాడు.

తొమ్మిది రోజుల్లో ఆ పిల్ల పని ముగించి, ఎవరికీ చూపించకముందే తహీర్ బల్ల దగ్గరికి తెచ్చింది.

‘‘ఉత్త పేరుని గుర్తుపెట్టుకోడం తీసేసినా సార్. ఏ మాడ్యూల్లో పుట్టింది, దాని పేరేంది, రెండూ కలిపి ఒక గుర్తు. ఎవురన్నా ట్యాంకు అంటే ముందు వాళ్ళ మాడ్యూల్లోనే వెతుకుతాది. ఆడ లేకపోతే వాళ్ళు తెచ్చుకున్న మాడ్యూళ్ళలో. రెండింటిలో దొరికితే తనంతట తాను ఎంచుకోదు. ఏదో చెప్పమని నిలబడిపోతాది.’’

‘‘ఇదంతా ఏ పుస్తకంలో చదివినావు?’’

‘‘సరస్సులో వల వేసే తావులకి పేర్లుంటాయి గదా సార్. మా కుప్పంలో ఒక పెద్దమడుగుంది, పక్క కుప్పంలో ఒక పెద్దమడుగుంది. మా నాయన పెద్దమడుగంటే మాదే. పక్క కుప్పానికి పోతే ఊరి పేరు కలిపి చెప్తాడు. ఇంతవరకూ ఎవురి వలా తప్పిపోలేదు. మీరు ఒకసారి చూడండి సార్. మీరు చూస్తేనే నాకు తృప్తి.’’

తహీర్ తెర వంక కాక గోడ మీది కాలెండర్ వంక చూశాడు. అది పోయిన నెలది. ‘‘బాగుంది,’’ అన్నాడు.

నిజానికి చాలా బాగుంది. అదే ఆయనకు మింగుడు పడలేదు. పదకొండేళ్ళుగా ఆ మూత తీసింది తనొక్కడే. ఇప్పుడు ఇంకొక చెయ్యి పడింది, ఆ చెయ్యి వణకలేదు కూడా. ఆ రోజు మధ్యాహ్నం సుల్తానా కట్టిచ్చిన డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగి వచ్చింది.

‘‘ఏందండీ, మీ నాయన మాదిరి చేస్తుండారు,’’ అంది సుల్తానా. ‘‘ఎవురు తెరిచినారు మీ వాచీ?’’

‘‘ఎవురూ తెరవలా. ఆకలి లేదు.’’

‘‘ఆ చేపలోళ్ళ పిల్లేనా?’’

తహీర్ మర్నాటి నుంచి ధనలక్ష్మి పనిని పగలగొట్టడానికి కూర్చున్నాడు.

మొదట చిన్న లోపమే దొరికింది. రెండు రకాల ట్యాంకులు కలిసిపోయినప్పుడు కంపైలర్ ‘ట్యాంకు అడిగితే ట్యాంకు ఇచ్చారు, కుదరదు’ అని చెబుతోంది. అది చదివితే ఎవరికి అర్థమవుతుంది? ఆ సంగతి తహీర్ పదిమందీ ఉన్నప్పుడు నవ్వుతూ చెప్పాడు. అందరూ నవ్వారు. ధనలక్ష్మి కూడా నవ్వి, అరగంటలో సరిచేసింది. ఇప్పుడది ‘హేచరీ ట్యాంకు అడిగితే జనరేటర్ ట్యాంకు ఇచ్చారు’ అని మర్యాదగా చెబుతోంది. హరినాథ్ ఆ పిల్లను మెచ్చుకున్నాడు. తహీర్‌కు ఆ పూట టీ చేదుగా ఉంది. పంచదార ఎక్కువ వేయించుకున్నా చేదే.

ఆ తర్వాత దొరికినవి నోటితో చెప్పడం మానేశాడు. అలాగని వదల్లేదు. మాడ్యూళ్ళు ఒకదాన్నొకటి పిలుచుకునేట్టు రాశాడు. ఒకే పేరును ఏడు మాడ్యూళ్ళలో పెట్టాడు. ఒక ట్యాంకు లోపల ఇంకొక ట్యాంకు, దాని లోపల మూడోది ఉండేట్టు రాశాడు. అలాంటి మాయదారి ప్రోగ్రాంలు నలభై రెండు రాశాడు. ఆయన పదకొండేళ్ళలో అంత శ్రద్ధగా పనిచేసింది లేదు. కంపైలర్ అన్నిటికీ తొణక్కుండా నిలబడింది. ఒక్కొక్కదానికి నిలబడినప్పుడల్లా తహీర్ ఒక్కొక్క గుక్కెడు మంచినీళ్ళు తాగేవాడు. ఆ వారం ఆఫీసులో నీళ్ళ క్యాను రెండుసార్లు మార్చారంటే చూసుకోండి.

నలభై మూడోది గురువారం నాడు తగిలింది.

మొదటిసారి కంపైల్ చేస్తే అంతా సవ్యంగా ఉంది. ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చి రెండోసారి చేస్తే, హేచరీ ట్యాంకు పోయి మళ్ళీ డీజిల్ ట్యాంకు వచ్చి కూర్చుంది. తహీర్ మూడుసార్లు చేసి చూశాడు. మూడుసార్లూ అంతే. ఆయన లేచి, కిటికీ దగ్గర నిలబడి, రైల్వే గేటు పడడం, లేవడం చూశాడు. చెన్నై పోయే రైలు కూతే సన్నాయిలా వినిపించింది.

సోమవారం హేచరీలో కొత్త కంపైలర్ పెడుతున్నారు. ఇప్పుడే చెబితే ఆ పిల్ల మళ్ళీ అరగంటలో సరిచేస్తుంది, మళ్ళీ మెప్పు పొందుతుంది. చెప్పకపోతే? అక్కడ పదిమందిలో తేలిపోతుంది. అప్పుడు తాను లేచి, కళ్ళజోడు తుడుచుకుని, ‘నేను రెండు నెలలు ఎందుకు అడిగినానో ఇప్పుడు తెలిసిందా’ అంటాడు. ఆ మాట ఎలా అనాలో అద్దం ముందు రెండు రకాలుగా అని చూసుకున్నాడు. కళ్ళజోడు తీసి అనడమే బాగుంది. ఆ మూడు రోజులూ అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆదివారం పొద్దున, వివరంగా చెప్పడానికి పనికొస్తుందని, ఆ లోపం ఏ వరుసలో ఉందో వెతికాడు. కంపైలర్ ప్రతిసారీ అన్నీ కొత్తగా చేయదు. మారని మాడ్యూళ్ళను ఒక పక్కన దాచి ఉంచుకుని, రెండోసారి వాటినే వాడుకుంటుంది. ఆ దాచిన చోట మాత్రం ఇంకా ఉత్త పేరే ఉంది. మాడ్యూల్ పేరు లేదు. ధనలక్ష్మి అక్కడ చెయ్యి పెట్టలేదు. ఆ వరుస పక్కన, రాసినవాడు తన కోసం రాసుకున్న మాట ఒకటి ఉంది: ‘గుమ్మిడిపూండి వచ్చింది. సీటు దొరికింది. ఇది రేపు సరిచేయాలి.’

రాసినవాడు తహీరే. ఆ రేపు పదకొండేళ్ళయినా రాలేదు.

మర్నాడు కారులో ముందు హరినాథ్, వెనక తహీర్, ధనలక్ష్మి. దారి పొడుగునా ఉప్పుగాలి. ఆ పిల్ల రెండుసార్లు తహీర్ ముఖం వంక చూసింది. ‘‘ఒంట్లో బాలేదా సార్?’’ అని అడిగింది. బాగానే ఉందన్నాడు. లోపల ఆయన లెక్క ఇంకొక రకంగా తిరుగుతోంది. ఆ వరుస తనదని ఎవరికీ తెలియదు. తొట్టి పొంగితే కొత్త పని చేసిన పిల్ల పేరే చెడుతుంది. ఫోన్లు మళ్ళీ మోగుతాయి. ఎర్ర పుస్తకం మళ్ళీ బల్ల మీదికొస్తుంది.

హేచరీలో మాల్యాద్రి కొత్త చొక్కా వేసుకుని ఎదురొచ్చాడు. తొట్లలో ఈసారి మళ్ళీ పిల్లలను వేశారు. వంగి చూస్తే నీళ్ళలో దుమ్ము కదిలినట్టు కదులుతున్నాయి. ధనలక్ష్మి కంపైల్ చేసింది. పంపు మొదలైంది, తొట్టి నిండింది, పంపు ఆగింది. మాల్యాద్రి పంపుకు దండం పెట్టాడు. హేచరీ యజమాని కూడా మొదటిసారి పళ్ళు కనిపించేట్టు నవ్వాడు. అందరూ ధనలక్ష్మి చుట్టూ చేరారు. తహీర్ వెనకాల, ఖాళీ డ్రమ్ముల పక్కన నిలబడ్డాడు. తన కంపైలర్ అది. తన భాష అది. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

‘‘కొంచెం ఎక్కువ నిండతా ఉండాది పాపా,’’ అన్నాడు మాల్యాద్రి. ‘‘బెత్తెడు తగ్గిస్తా. ఒక్క అంకె మారిస్తే చాలు గదా?’’

‘‘అంతే అన్నా. మార్చేసి మళ్ళీ కంపైల్ కొట్టు.’’

మాల్యాద్రి కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఒక వేలితో కొట్టే మనిషి, అంకె వెతుక్కుంటున్నాడు. తహీర్ చెయ్యి తనకు తెలియకుండానే కళ్ళజోడు మీదికి పోయింది. తీసి తుడవడం మొదలుపెట్టాడు. మాట సిద్ధంగా ఉంది. కళ్ళజోడు లేకపోతే ఆయనకు దూరం కనిపించదు. ధనలక్ష్మి ఒక మసక, హరినాథ్ ఒక మసక. దగ్గరున్న మాల్యాద్రి వీపు మాత్రం స్పష్టంగా కనిపించింది. ఇంకొకసారి పొంగితే ఇంటికి పొమ్మనిపించుకున్న వీపు. కొత్త చొక్కాకు అంటించిన కాగితం ఇంకా ఊడదీయలేదు.

‘‘మాల్యాద్రీ, ఆగు. కొట్టబాక.’’

అందరూ ఇప్పుడు వెనక్కి తిరిగారు.

‘‘రెండోసారి కొడితే పొంగతాది. దాచిపెట్టిన మాడ్యూళ్ళలో ఇంకా ఉత్త పేరే ఉంది.’’ ఇక్కడితో ఆపవచ్చు. ఆపుదామనే అనుకున్నాడు. ‘‘ఆ వరుస ఈ పిల్లది కాదు. నాది. రైల్లో రాసినా.’’

హరినాథ్ నోరు తెరిచాడు. ‘‘మీకు ఎప్పుడు తెలిసింది తహీర్ గారూ?’’

‘‘గురువారం.’’

గురువారం నుంచి సోమవారానికి ఎన్ని రోజులో అక్కడున్న అందరూ మనసులో లెక్కపెట్టుకున్నారు. రొయ్య పిల్లలు తప్ప. తహీర్ చెవులు ఎర్రబడ్డాయి. ధనలక్ష్మి అప్పటికే లాప్‌టాప్ ముందు వంగి, ఆ వరుస వెతుకుతోంది. దొరికాక పక్కనున్న మాట చదివి, పెదవి కొరుక్కుంది. అరగంట పట్టలేదు. పావుగంటే. మాల్యాద్రి అంకె మార్చి రెండోసారి కొట్టాడు, మూడోసారి కొట్టాడు. పంపు బెత్తెడు కింద బుద్ధిగా ఆగింది.

భోజనాల దగ్గర ధనలక్ష్మి తన ఆకు తెచ్చుకుని తహీర్ పక్కన కూర్చుంది.

‘‘ఎన్ని రాసినారు సార్, నా దాన్ని పగలగొట్టేదానికి?’’

‘‘నలభై మూడు.’’ అబద్ధమాడే ఓపిక లేదు ఆయనకు. ‘‘నీకెట్టా తెలుసు?’’

‘‘వారం నించి మీ మొహం చూస్తుండా గదా. మా కుప్పంలో వల తావుకి చీటీ తీసినాక హద్దు కొయ్యలు పాతతారు. పాతేటప్పుడు సొంత మనిషిని పిలవరు సార్. ఆ తావు తనకి రాలేదని కడుపు మండిపోతా ఉంటాడే, వాణ్ణి పిలస్తారు. కొయ్య పట్టుకోమంటారు. వాడైతే జానెడు కూడా జరగనీడు. అందుకే మీకు మొదట చూపించినా. మీరేమో కాలెండర్ చూసినారు.’’

తహీర్ చేప ముల్లు తీసి ఆకు పక్కన పెట్టాడు. తిట్టిందో పొగిడిందో తేల్చుకోలేక, రెండూ అయి ఉంటుందని సర్దుకున్నాడు.

‘‘ఆ నలభై మూడూ నాకియ్యండి సార్. కంపైలర్ తయారైనప్పుడల్లా ముందు వాటిమీద నడిపిస్తాం. ఒక్కటి తప్పినా బయటికి పంపం.’’

అలాగే జరిగింది. ఆఫీసులో ఆ ఫైళ్ళున్న చోటికి ‘తహీర్ సార్’ అని పేరు పెట్టారు. ఎర్ర పుస్తకానికి పని లేకుండా పోయింది. ఎవరికి కావలసిన పేరు వాళ్ళు పెట్టుకుంటున్నారు. ఒకే వారంలో తొమ్మిది చోట్ల తొమ్మిది గేట్లు, ఏ గేటుకూ అంకె లేదు. చేపల మోటారు పేరు తీసుకున్న జువ్వలదిన్నె మనిషి ఫోను చేసి, నా మూడు నెలల వంజరం సంగతేందని పోట్లాడాడు. ఆ వారం తహీర్‌కు వచ్చిన ఫోను అదొక్కటే. చాలాసేపు మాట్లాడి, పెట్టేయొద్దని బతిమాలినంత పని చేశాడు. ఇంటి దగ్గర కూరలో ఉప్పు ఎక్కువైంది, ఫ్యాను చప్పుడు చేస్తోంది, సుల్తానా చదివే పేపరు రెపరెపలాడుతోంది. అన్నీ తప్పుగానే కనిపించాయి.

నెల తిరిగాక ధనలక్ష్మి కంపైలర్‌లో ఇంకొక భాగం మార్చింది. ఆ ఉదయం తహీర్‌కు మెయిల్ వచ్చింది. ‘సార్, పగలగొట్టి పెట్టండి’ అని ఒకే వాక్యం. తహీర్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మంచినీళ్ళు తెప్పించుకున్నాడు. మధ్యాహ్నం డబ్బా మూత తీసి, అడుగు దాకా తిన్నాడు. మూడింటికి ఫోను మోగింది. మాల్యాద్రి.

‘‘అన్నా, ధనలక్ష్మి పాప నాకు గూడా పంపించింది, పగలగొట్టమని. ఒకటి దొరికినట్టే ఉంది. నువ్వు చూసినావా?’’

‘‘నీకా?’’ అన్నాడు తహీర్. ‘‘నీకెందుకు పంపింది?’’

‘‘తొట్టి పొంగించినోణ్ణి గదన్నా, నాకంటే జాగర్త ఎవురికుంటాదని.’’

‘‘ఎప్పుడు పంపింది?’’

‘‘పొద్దున్నే. పది గంటల ఒక నిమిషానికి.’’

తహీర్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే తన మెయిల్ తెరిచి చూసుకున్నాడు. పదీ రెండు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. పదీ రెండే.

‘‘నీకు దొరికింది ఎవురికీ చెప్పబాక మాల్యాద్రీ,’’ అన్నాడు. ‘‘సాయంత్రం లోపల నేను రెండు పట్టుకుంటా.’’